పేజీ నిండేదాకా

మిర్యాలగూడలో ఉడికించిన వడ్లను ఇంకా సిమెంటు కల్లం మీదే ఆరబోసే పాత మిల్లు ఒకటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నడుస్తూ ఆ వడ్లను కాళ్లతో తిరగేయడం కరుణ పని. ఒక్క మూల కూడా వదలకూడదు. కల్లమంతా తిరగేస్తేనే పని అయినట్టు, లేకపోతే గుమాస్తా నోటికి హద్దుండదు. బడి గడప తొక్కని కరుణకు తెలిసిన పనితనమంతా అదే.

తనలా అరికాళ్లు బొబ్బలెక్కే బతుకు బిడ్డకు రాకూడదన్నది ఆమె పంతం. అందుకే భర్త సాంసన్ వద్దంటున్నా వినకుండా కూతురు ప్రత్యూషను ఇంగ్లీషు మీడియం బడిలో వేసింది. ఆ బడివాళ్లకు హోంవర్కంటే మహా మోజు. పాలపళ్లు ఊడని పిల్లకు రోజూ అన్నేసి పేజీలు! ఎంత రాయిస్తే అంత మంచి బడి అని తల్లిదండ్రులు అనుకుంటారు. అలా అనుకుంటారని బడివాళ్లకూ బాగా తెలుసు.

పని నుంచి రాగానే కరుణ కాళ్లు కడుక్కుని బిడ్డ ఎదుట కూర్చునేది. అక్షరం రాదు కాబట్టి, కల్లాన్ని చూసినట్టే పేజీనీ చూసేది. ఖాళీ కనిపిస్తే వీపు మీద ఒక్కటి పడేది.

"గీడ ఖాళీ ఉంది సూడు. నిండేదాక అన్నం లేదు."

పిల్ల ఏడ్చేది, ముక్కు తుడుచుకుని మళ్లీ రాసేది. పైన ఏ వరుస ఉంటే కింద కూడా అదే గీసుకుంటూ పోయేది. మర్నాడు బడిలో పేజీ పేజీకీ ఎర్ర టిక్కులు పడేవి. ఆ టిక్కులు పెట్టిన మహాతల్లి ఎవరో గానీ, చదివి మాత్రం పెట్టలేదు. కరుణ వాటిని చూసి పొంగిపోయేది.

ప్రత్యూష మూడో తరగతికి వచ్చాక, కోదాడ వైపు నుంచి ఊర్మిళ అనే కొత్త టీచర్ వచ్చింది. ఆమె కరుణను పిలిపించి, తల్లి ముందే పిల్లను పుస్తకంలో ఒక్క ముక్క చదవమంది. పిల్ల నోరు విప్పలేదు. తెలుగు పుస్తకం చేతికిచ్చినా అంతే.

"మస్తు రాస్తది మేడం" అంది కరుణ బతిమాలుతున్నట్టు. "నేనే దగ్గర కూసోని రాయిస్త."

"రాయట్లేదమ్మా, బొమ్మలు గీస్తోంది. ఏం రాసిందో తనకే తెలియదు. మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలి."

కరుణకు తాను కొట్టిన దెబ్బలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చదువు కోసం కాదు, ఉత్త కాగితం నింపడానికి కొట్టింది కన్నబిడ్డను. టిక్కులు పెట్టినవాళ్ల మీద రావలసిన కోపం కూడా తన మీదికే మళ్లింది. పాపం, ఆమెకు అలవాటైన దారి అదొక్కటే.

ఇంటికి నడిచి వస్తూ బిడ్డ తల నిమిరింది.

"ఇగ నిన్ను కొట్ట బిడ్డా. చిన్న పిల్లలతోని కూసున్నా ఏంగాదు. జర మనసు పెట్టి నేర్సుకో."

ప్రత్యూష తల్లి మొహం వైపు చూడకుండానే భయంభయంగా అంది.

"బడి వద్దమ్మా. నీతోని మిల్లుకొస్త. గాడ హోంవర్క్ ఉండది గద."