బాపు జీపూ అమ్మ పెనమూ

మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు ముందు, తోటి ఉద్యోగులంతా చూస్తుండగా, ఒక జీపు ఇంజిన్‌కు నేను దాదాపు తాళింపు పెట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు. నా పరువు మాత్రం ఇంకా మంచం దిగలేదు.

ఆఫీసులో పాత బండ్ల ప్రదర్శన పెడుతున్నాం, ఉన్నవాళ్లు తెండి అన్నారు. రెండేళ్ల ఉద్యోగంలో మీటింగుల్లో నేను పలికిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిదాన్ని, మాట్లాడే పని లేదు గదా అని ఫారం నింపి బాపు జీపు పేరు ఇచ్చేశాను. బాపు అంటే మా నాన్న, డ్రైవరు. ఏళ్ల తరబడి ఆ గేట్ల ముందు జనాన్ని దించి వెనక్కి తిరగడమే గానీ లోపలికి వెళ్లింది లేదు. "ఈసారి నా బండి లోపట నిలవడ్తది" అని శేరిలింగంపల్లిలో మా గల్లీ మొత్తానికీ చెప్పేశాడు.

చిక్కల్లా బానెట్ తెరిచి చూపించాలన్న నియమంతో వచ్చింది. ఇంజిన్ పక్కన పొగను సైలెన్సర్‌లోకి పంపే పోత ఇనుప గొట్టం ఒకటుంటుంది, మ్యానిఫోల్డ్ అంటారు. మాది తుప్పు పట్టి, వానలో నానిన బెల్లపు దిమ్మలా ఉంది.

"తుప్పు గీకి, వేడికి ఆగే రంగు కొట్టాలెనమ్మా. కూకట్‌పల్లిల దొరుకుతది" అన్నాడు మెకానిక్ యాదగిరి.

"నేను తెస్త బాపూ" అన్నాను.

వెళ్లాను కూడా. దుకాణం నిండా మగవాళ్లు. "ఏం గావాలె మేడం?" అన్నాడు యజమాని. అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

"ఇనుప పీచు" అన్నాను. మూడు పీచులతో ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం వంటింట్లో పెనం కనిపించింది. పెనమూ పోత ఇనుమే కదా. తుప్పు పడితే అమ్మ ఏం చేస్తుంది? చింతపండుతో తోమి, ఆరబెట్టి, నూనె పట్టించి, సగం కోసిన ఉల్లిగడ్డతో రుద్దుతుంది. పుస్తకాలు చదివేవాళ్లతో ఇదే ప్రమాదం చూశారూ, రెండు వాక్యాలు కలిస్తే చాలు, సిద్ధాంతం తయారు.

తోమాను. పల్లి నూనె ధారాళంగా పట్టించాను. ఉల్లిగడ్డనూ వదల్లేదు. గొట్టం కాటుకలా నిగనిగలాడింది.

"ఏం రంగు బిడ్డా?" బాపు కళ్లు మెరిశాయి.

"వేడికి ఆగేదే" అన్నాను. పెనం మీద ఆగుతుంది కాబట్టి ఇది అబద్ధం కాదని డైరీలో రాసుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మొదటి సిగ్నల్ దగ్గర బాపు గాలి పీల్చాడు. "ఎవలో మిర్చీలు ఏస్తున్నరు."

రెండో సిగ్నల్. "గీడ గూడనా? పొద్దుగాల్నే ఏం తిండి బిడ్డా ఇది?"

మూడో సిగ్నల్. పక్క ఆటో డ్రైవరు తల బయటికి పెట్టాడు. "కాకా, ఒక పార్సిల్ కట్టిస్తవా?"

నేను తల ఎత్తలేదు.

గేటు చేరేసరికి బానెట్ అంచుల్లోంచి సాంబ్రాణి వేసినట్టు పొగ. సెక్యూరిటీ నర్సయ్య మంటలార్పే సిలిండరుతో పరుగెత్తుకొచ్చాడు. "బానెట్ తెరువుండ్రి, కొడ్త."

"జర ఆగు అన్నా" బాపు దిగి బానెట్‌కు అడ్డం నిలబడ్డాడు. "కాలిన పోత ఇనుము మీద సల్లగ కొడితే పగుల్తది. గా సామాను మల్ల దొరకదు."

"ఏం కాలుతుందో తెల్వకుంట ఎట్ల ఆగాలె? నా నౌకరి పోతది" అన్నాడు నర్సయ్య.

ఏం కాలుతోందో లోకంలో ఒక్కరికే తెలుసు. లోపల వందమంది ఇటే చూస్తున్నారు. సిలిండరు గొట్టం బానెట్ వైపు తిరిగింది. సీటు మీద లేచి నిలబడి, రెండేళ్లుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారే ఖర్చు పెట్టేశాను.

"అది పల్లి నూనె. నేనే రాసిన."

నర్సయ్య సిలిండరు దించి ముక్కు ఎగబీల్చాడు. "ఉల్లిగడ్డ గూడ ఉన్నట్టుంది మేడం."

"ఉంది" అన్నాను.

నూనె మాడేదాకా జీపును గేటు బయట నిలిపి, తర్వాత లోపలికి రానిచ్చారు. జనం ఖరీదైన కార్లన్నీ వదిలి మా బానెట్ చుట్టే మూగారు. టిఫిన్ వేళ మరి. బాపు మధ్యాహ్నం దాకా ఇంజిన్ కథ చెబుతూనే ఉన్నాడు. తిరిగొస్తూ ఒక్కటే అడిగాడు.

"దుకాణంల రంగు అడగనీకి సిగ్గయిందా బిడ్డా?"

"అయింది."

"గంతమంది ముంగట పల్లి నూనె అని ఒర్లనీకి కాలేదా?"

ఇంటికి రాగానే డైరీలో గంభీరంగా రాసుకున్నాను: పొయ్యి మీద పట్టని ఏ వస్తువుకూ ఈ జన్మలో వంటింటి వైద్యం చేయను. నా డైరీ ఎవరికీ చూపించను గానీ, ఆ పేజీ మాత్రం అమ్మకు చూపించి సాక్షి సంతకం అడిగాను.

"ముందుగాల నూనె డబ్బా నింపు" అంది అమ్మ.