బండి నేర్చిన తొవ్వ

మొండయ్య గల్ఫ్‌ల చనిపోయినోళ్ల శవపెట్టెలను శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ల ఊళ్లకు చేరుస్తడు. ఆయన కొడుకు లక్ష్మణ్ కూడ మస్కట్‌ల కూలిపని చేస్తుండు. తొవ్వ చూపేటందుకు మొండయ్య అద్దానికి అతికించే చిన్న మిషన్ వాడుతడు. ఊర్ల పెట్టె దించంగనే దాన్ని ఊడదీసి, పసుపునీళ్ల తడిబట్టతో తుడిచి, సీటు కింద బోర్లేస్తడు. కాటికాడి నుంచి వచ్చేటోడు ఎనుకకు తిరిగి చూడొద్దంటరు. సావు ఇండ్లు తిరిగిన మిషన్‌కు తన ఇల్లు తెలువద్దని ఆయన పట్టుదల. జమ్మికుంటల ఆయన గల్లీని అది ఇప్పటిదాక చూడలే.

మొన్న బండి ఓనరు సుదర్శన్‌రావు కొత్త వ్యాన్ కొన్నడు. తొవ్వ చూపే తెర బండిలనే బిగించి వచ్చింది.

"గిది ఊడది సార్. నా పాతదే పెట్టుకుంట."

"కంపెనీది ఉండంగ గా డబ్బ ఎందుకు మొండయ్యా?" అని ఓనరు నవ్విండు.

వారం తిరిగింది. ఆదిలాబాద్ దిక్కు బోథ్‌ల పెట్టె దించొచ్చి, మొండయ్య ఇంటి ముందట బండి ఆపిండు. తెర మీద చిన్న ఇల్లు బొమ్మ వెలిగింది. చాయ్ తెచ్చిన భార్య వినోద తొంగి చూసింది.

"గిది మనిల్లే కదా! నువ్వు పెట్టినవా?"

"నేను పెట్టలే. రోజు రాత్రి ఈడనే ఆగుతుంటే బండే నేర్చుకున్నది."

చాయ్ అందుకోకుండనే మొండయ్య కొడుకుకు ఫోన్ కలిపిండు. రింగు పోతనే ఉన్నది.