ముందు సరోజత్త ఎక్కాలి

సరోజత్త ముందుగా ఎక్కి చూడనిదే మా ఆటల శిబిరంలో ఏ పిల్లా ఏదీ ఎక్కడానికి వీల్లేదు. ఊయలైనా, తాడు నిచ్చెనైనా, ఆఖరికి గోనెసంచి పరుగైనా బోణీ ఆమెదే. మనిషిని చూస్తే నిండు బస్తా, పట్టుదల చూస్తే రెండు బస్తాలు.

రాజురాలో మా తెలుగు సంఘం ఎండాకాలం సెలవుల్లో నడిపే శిబిరం అది. నేను ఖోఖో నేర్పుతాను. సరోజత్త బట్టల దుకాణం కోడలికి అప్పజెప్పి, పొద్దున్నే వచ్చి పిల్లల భద్రత చూస్తుంది.

కుర్చీలాట రోజు ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూసింది. ఒకటి ఫట్‌మని విరిగింది. నేలమీద నుంచే నావైపు వేలు చూపించింది.

"చూసినవా పల్లవీ? పిల్లలు కూసుంటే ఏమయ్యేటిది?"

"పిల్లలు కూసుంటే ఇరగకపోయేటిది అత్తా."

"నువ్వు నా దిక్కా, కుర్చీ దిక్కా?"

నిమ్మకాయ షర్బత్ వచ్చినా ముందు ఆమే తాగాలి. ఒకరోజు రెండు గ్లాసులు ఖాళీ చేసింది. ఒక్క గ్లాసుతో తెలియలేదా అంటే, "మొదటిది దాహానికి పోయింది. రెండోది పరీక్షకు" అంది.

ఈ ఏడు ఆశ అనే ఎనిమిదేళ్ల పిల్ల చేరింది. కిందటేడు వేరే ఊళ్లో తోటిపిల్లలు 'భిత్రీ, భిత్రీ' అని వెక్కిరిస్తే, తాను పిరికిది కాదని చూపించడానికి గోడమీంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి ఏ ఆటకూ రాదు, సంఘం భవనం మెట్లమీద కూర్చుని చూస్తుంది.

"ఈసారి గూడ ఆడకపోతే ఇగ ఎన్నడూ ఆడదేమో అత్తా" అంది వాళ్లమ్మ శ్రీవాణి.

"ఆడుతది" అంది సరోజత్త.

ఇంతలో సిమెంటు వ్యాపారి ధనరాజ్ సేటు మాకో జారుడుబల్ల ఇచ్చాడు. ప్రారంభం రోజు నేను పెందలాడే వెళ్లేసరికి సరోజత్త ఒక్కతే ఉంది. పానాతో బోల్టులన్నీ బిగించి, పైకెక్కి జర్రున జారింది. మళ్లీ ఎక్కి, చేతులు బార్లా చాపి మళ్లీ జారింది.

"రెండుసార్లెందుకత్తా?"

"మొదటిది పరీక్షకు."

"మరి రెండోది?"

"నీకెందుకు?"

జనం చేరారు. సేటు కత్తెర పట్టుకున్నాడు. "ముందు నేనెక్కాలె" అంటూ సరోజత్త రిబ్బన్ కింద నుంచి దూరి, నిచ్చెనెక్కి, పైనుంచి కిందికి చూసి కెవ్వుమంది.

"అమ్మో! నాకు భయమైతుంది. నేను జారను!"

"అక్కా, గట్లనకు! ఫొటో తీస్తుర్రు. మస్తు మజ్బూత్ ఉన్నది!" అన్నాడు సేటు.

"నీది మజ్బూతే. నా గుండె మజ్బూత్ లేదు. జరుగుర్రి, దిగుతున్న."

ఒక్కో మెట్టే తడుముకుంటూ వెనక్కి దిగింది. పిల్లలు పడిపడి నవ్వారు. "నవ్వుర్రి, నవ్వుర్రి. భయమైంది, దిగిన. గిండ్ల ఏమున్నది?" అని తనూ నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "పొద్దున రెండుసార్లు జారినవు గద! పాపం, సేటు పరువు తీస్తివి" అని గొణిగాను. ఆమె నా చెయ్యి గిల్లి, అటు చూడమంది.

ఆశ మెట్లమీద నుంచి లేచింది. మెల్లగా వచ్చి నిచ్చెనెక్కింది. పైన నిలబడి కిందికి చూసింది. వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టే దిగి వచ్చింది. ఒక్కరూ 'భిత్రీ' అనలేదు. అందరూ ఇంకా సరోజత్తను చూసే నవ్వుతున్నారు.

"భయపడ్డ పిల్ల సిగ్గుకు దుంకితేనే చెయ్యి ఇరుగుతది" అంది ఆమె నా చెవిలో. "బోల్టులకు పానా ఉన్నది. సిగ్గుకు లేదు గద. అందుకే ముందు నేనెక్కి నవ్వులపాలైత."

ఇన్నాళ్లూ ఆమెను చూసి అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ క్షణాన మాత్రం గట్టిగా వాటేసుకోవాలనిపించింది, కానీ ఆమె నా రెండు చేతులకూ అందే మనిషి కాదు.

కొన్నాళ్లు ఆశకు ఎక్కడం, దిగడం, అదే ఆట. ఒక పొద్దున జర్రున జారింది. లేచి దుమ్మైనా దులుపుకోకుండా సరోజత్త దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, ఏం కాదు, నిజంగ! నువ్వు గూడ రా. నేను కింద నిలబడి పట్టుకుంట."

"నన్నా? పట్టుకుంటవా బిడ్డా?"

"ఆఁ, గట్టిగ పట్టుకుంట."

సరోజత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, కాళ్లు గజగజ వణికిస్తూ, నిచ్చెన వైపు నడిచింది.