నల్లా కాడ నిలవడ్డ వదినె

మా వదినె మొన్న మంగళవారం పొద్దుగాల పోయింది. నాందేడ్ పెద్ద దవాఖానల. మూడు రోజుల జ్వరం. డాక్టరు మరాఠీల చెప్పిండు, నేను తల ఊపిన. ఆమెను మేముండే వరద క్యాంపుకు తెచ్చినం. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అందుకే రాస్తున్న.

నేను చదివింది నాలుగు తరగతులు, అది గూడ మరాఠీ బడిల. తెలుగు అక్షరాలు వదినెనే నేర్పింది. నిజామాబాద్ దిక్కు నుంచి మా అన్నను చేసుకొని అచ్చినప్పుడు నాకు పదేండ్లు. జొన్నపిండి తలెల పరిచి, వేలు పట్టుకొని దిద్దిచ్చేది. తప్పు రాస్తే ఆ పిండితోటే రొట్టె జేసేది. "నీ తప్పు నువ్వే తిను తమ్మీ" అని నవ్వేది. అన్న పోయినంక ఆమె, నేను, ఇద్దరమే.

మాది ధర్మాబాద్ అవతల గోదారి ఒడ్డు. వరదల మా ఊరు మునిగింది. మాకు ఎగువనున్న పైఊరు గూడ సగం మునిగింది. రెండూర్లోళ్లను తెచ్చి నాందేడ్ అంచుకు రేకుల షెడ్లల్ల పెట్టిండ్రు. ఎదురెదురుగ రెండు వరుసలు, నడుమ ఒక్క నల్లా. పొద్దుగాల నీళ్లు మాకు, మాపటికి పైఊరోళ్లకు. ఒకరి మొఖం ఒకరు సూసుకోకపోదురు.

దానికి కారణం నేనే.

వరద అచ్చిన నాడు మాపటికి పైఊరోళ్లు పారలు పట్టుకొని గోదారి కట్ట మీద ఉండంగ సూసిన. తెల్లారి కట్ట ఎట్ల తెగిందని మావోళ్లు అడిగిండ్రు. "వాళ్ల ఊరు కాపాడుకోను వాళ్లే కోసిండ్రు. నేను సూసిన" అన్న. నేను మాట్లాడేదే తక్కువ, అందుకని అందరు నమ్మిండ్రు. "వీడు ఉత్తగ అనడు" అన్నరు. క్యాంపుకు అచ్చిన నెలకు మా పోరగాళ్లు పైఊరి పెద్దమనిషిని కొట్టిండ్రు. ఆయన కుడిచెయ్యి విరిగింది. సరిగ అతకలేదు.

ఆ పొద్దు వదినె రొట్టెలు కొడుతున్నది. నన్ను సూడకుంటనే అడిగింది.

"కోసుడు సూసినవా తమ్మీ?"

"పారలు సూసిన."

"కోసుడు?"

నేను పొయ్యిల కట్టె ఎగదోసిన. పెంక మీద రొట్టె మాడింది. ఆమె రొట్టె మాడగొట్టుడు అదొక్కనాడే సూసిన.

తిట్టలేదు. ఎవ్వరికీ చెప్పలేదు. "నీ మాట నేను మోసుకపోతే చాడీ అయితది. నువ్వే తీసుకపోవాలె" అన్నది. రోజు నా తలెల రొట్టె ఏస్తూ, "నోరు తినేతందుకేనా?" అనేది. నేను తలకాయ వంచుకొని తినేటోన్ని.

నేను పోలేదని ఆమె పోవుడు షురూ జేసింది. మాపటికి, వాళ్ల వంతుకు, సొట్టబిందె పట్టుకొని నల్లా కాడ అందరి ఎనుక నిలవడేది. వాళ్లు ఎక్కిరించేటోళ్లు.

"ఏందవ్వా, పొద్దుగాల మీ నీళ్లు అయిపాయెనా?"

"నీళ్లు ఉన్నయి బిడ్డా. మాటలే అయిపాయె. మా ఇంట్ల ఒక మొగోడున్నడు, దినానికి రెండే మాట్లాడతడు."

వాళ్లల్ల ఒకామె నవ్వి, మళ్ల మూతి బిగబట్టుకున్నది. ఎవ్వరు ఆమెను ముంగటికి రానియ్యలే, బిందె నిండలేదు. వదినె ఉత్త బిందెతోటి తిరిగచ్చింది. తెల్లారి మళ్ల పోయింది. ఎండకు, వానకు పోయింది. మావోళ్లు గూడ తిట్టిండ్రు, సిగ్గు లేదా అని. "నిలవడుతున్న, అడుక్కుంటలే" అన్నది.

ఒకనాడు ఆమె కాళ్లు వాచి ఉన్నయి. అయినా బిందె ఎత్తుకున్నది. నేను ఆ బిందె తీసుకొని ఎంబడి పోయిన.

పైఊరి పెద్దమనిషి నల్లా కాడనే కూసున్నడు.

"నేను పారలే సూసిన. కోసుడు సూడలే. అబద్దమాడిన" అన్న.

నల్లా నీళ్లు ఎవరి బిందెలనో నిండి పారుతున్నయి.

"ఇన్ని దినాలు ఏం జేసినవ్?" అన్నడు ఆయన.

"భయమైంది."

ఆయన తన వంకర చెయ్యి సూసుకున్నడు. "మేం సంచులల్ల మట్టి నింపి కట్టకు ఏసినం. ఆగలే" అన్నడు. మాఫ్ జేసిన అనలే. ఆడోళ్ల దిక్కు తిరిగి, "అవ్వ బిందె ముంగట పెట్టుండ్రి" అన్నడు.

తిరిగి అచ్చి మావోళ్లకు గూడ అదే చెప్పిన. ఆ నాటి సంది నల్లాకు వంతులు పోయినయి. కానీ ఒకరి ఇంట్ల ఒకరు తినుడు లేకుండె. వదినె అంటుండె: "నీళ్లు కలిసినయి. కూడు కలవాలంటే టైం పడతది."

మంగళవారం గోదారి ఒడ్డుకు తీసుకపోయి కాలవెట్టి అచ్చినం. చావు జరిగిన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. ఆ నాటి రొట్టెలు చుట్టాలే తేవాలె. మా చుట్టాలు ఇంకా తొవ్వల ఉన్నరు. నేను షెడ్డు ముంగట కూసున్న.

పైఊరి పెద్దమనిషి అచ్చిండు. ఎడమ చేతుల మూట.

మా షెడ్ల వరుసల ఒకాయన అడిగిండు: "మీరేం చుట్టమని తెచ్చిండ్రు?"

"ఏడాది సంది మా నల్లా కాడ నిలవడ్డది" అన్నడు ఆయన. "చుట్టం గాకపోతే ఎవ్వరు నిలవడతరు?"

మూట నా ముంగట పెట్టిండు. ఒక చేతితోటి ముడి ఇప్పరాక పండ్లతోటి ఇప్పిండు. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. అందరు నన్నే సూస్తున్నరు. నేను ఒక రొట్టె తుంచి తిన్న. రుచి తెల్వలే. ఇంకో తునక తిన్న. అప్పుడు మావోళ్లు గూడ చెయ్యి పెట్టిండ్రు.

ఆ మూట బట్ట ఉతికి, రెండు వరుసల నడుమ దండెం మీద ఆరేసిన. ఎప్పుడో ఆరింది. నేనే తీసుకపోయి ఇయ్యాలె. ఆయన అవతల మంచం మీద కూసోని సూస్తడు, అడగడు. నేను ఇవతల కూసోని సూస్త. గాలికి బట్ట ఆ దిక్కు పోతది, ఈ దిక్కు అస్తది.