డంపర్ ఫిట్టర్ బిగించిన కారు చక్రం

ఆ రోజుల్లో నాకు అంతుపట్టని యంత్రం భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. గోదావరిఖనిలో బొగ్గు డంపర్ల వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి ఏడాది నిండలేదు. అయినా డంపర్ దగ్గితే దాని తాతకున్న జబ్బు కూడా చెప్తానని క్యాంటీన్‌లో ప్రకటించేవాణ్ణి (దగ్గిన డంపర్లన్నీ చివరికి మేస్త్రీ చేతిలోనే బాగుపడేవి, అది వేరే సంగతి). అలాంటి నన్ను చూసిపోవడానికి నస్పూర్ నుంచి పిల్ల తండ్రి వచ్చాడు. ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లను అంతకుముందే ఒక పెళ్లిలో చూశాను. ఈ సంబంధం తప్పిపోతే నాకిక అన్నం సహించదు. అందుకే ఆయన బస్సుకు బయల్దేరుతుంటే, "బస్సెందుకు కాకా, మా బావ కారుల దింపుత" అన్నాను. ఆ పొద్దున్నే ఆ కారు ఎడమ ముందు చక్రం పంక్చరైతే స్టెప్నీ వేసింది నేనే. నట్లు వెన్నలా తిరిగాయని బావ దగ్గర గొప్పలు కూడా పోయాను.

గోదావరి వంతెన ఇంకా రాకముందే ఎడమవైపు నుంచి టక్, టక్ మని చప్పుడు మొదలైంది.

"ఏందిరా బామ్మర్ది అది?" వెనక సీట్లోంచి బావ.

"రోడ్డు బావా. లారీలు తిరిగి ఖరాబైంది."

రోడ్డు నున్నగా మారింది. చప్పుడు పెరిగింది.

"స్టెప్నీ గదా, శానా రోజులు డిక్కీల పండుకున్నది. జర తిరిగితే సర్దుకుంటది."

"అదేమన్న కొత్త కోడలా, సర్దుకోనీకి?"

"అయితే టైర్ల రాయి ఇరికి ఉంటది. లేకుంటే బేరింగు."

నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, "బండి ఆపు పిలగా" అన్నాడు.

దిగి, డిక్కీలోంచి ఇనుప రాడ్ తీసి, ఎడమ అరచెయ్యి చక్రానికి ఆనించి, ఒక్కొక్క నట్టునూ తట్టాడు. గనిలో పైకప్పును అట్లాగే తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, మొద్దుగా పలికితే ఊడిపడబోతున్నట్టు. నా నాలుగు నట్లూ మొద్దుగానే పలికాయి.

"ఆఖరుకు ఎటు తిప్పినవ్?"

ఎడమకని చేత్తో చూపించాను. బావ తల పట్టుకున్నాడు. మా డంపర్లకు ఎడమ చక్రాల నట్లు ఎడమకు తిప్పితేనే బిగుస్తాయి, కారుకు మాత్రం అన్నీ కుడికే. కారు నట్లను చేత్తో సరిగ్గానే ఎక్కించి, పానాతో ఆఖరి పట్టు మాత్రం అలవాటుకొద్దీ డంపర్‌కు ఇచ్చినట్లే ఇచ్చాను. వెన్నలా తిరిగింది బిగింపు కాదు, వదులు.

పెద్దమనిషి పానా నా చేతికిచ్చాడు. "నట్టు ఉల్టా తిప్పినందుకు నాకు ఫికర్ లేదు. చప్పుడు ఇనబడంగనే నాలుగు కతలు చెప్పినవ్ సూడు, గదీ ఫికర్. బొగ్గుబాయిల గట్ల చెప్పినోళ్లు శానామంది పైకి రాలే. నా బిడ్డ ఒర్రది, సన్నగ చెప్తది. ఇంటవా?"

"ఇంట కాకా."

ఈసారి కుడికే తిప్పి నట్లు బిగించాను. ఆయన మళ్లీ తట్టి, విని, కారెక్కాడు. పిల్లనిచ్చాడు కూడా (పెళ్లికూతురు అత్తారింటికి బస్సులోనే వెళ్లాలని ఒక్క షరతు పెట్టి).

ఇప్పటికీ మా ఆవిడ సన్నగా ఏదో అంటుంది. నేను జవాబుకు నోరు తెరిచి, మూసుకుని, వింటాను. ఆనాటి ఫిట్టరైతే ఈపాటికి మూడు కారణాలు చెప్పేసి ఉండేవాడు. వాడికి తెలిసినన్ని సంగతులు నాకిప్పుడు తెలియవు. అప్పుడప్పుడు వాడి మీద బెంగగా ఉంటుంది.