పలక పలికేదాకా

మా సైన్సు మాస్టారు పోయారు. పొద్దున్నే మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే, మా స్కూల్లో పనిచేసిన గుమస్తాగారు సైకిలు దిగి, "టీచరుగారూ, తెలిసిందాండీ? సైన్సు మాస్టారు తెల్లారగట్ట పోయారండి, గుండెపోటంట" అన్నారు. చేతిలో ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది గానీ, ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "అయ్యో, మరి ఆ గిటారో?"

మీకు వింతగా ఉంటుంది, చెబుతాను. తాడేపల్లిగూడెంలో ఒకే స్కూల్లో ఏళ్ళ తరబడి ఆయన సైన్సు, నేను తెలుగు చెప్పాం. మా టీచర్లు రిటైరయ్యాక కలిదిండి వైపు చేపల చెరువు లీజుకి తీసుకుంటారు, లేదా యాత్రలకి పోతారు. ఈయన వీడ్కోలు సభలో శాలువా సర్దుకుంటూ, "గిటారు చేస్తానండి" అన్నారు. "నేర్చుకుంటారా, మంచిదే" అన్నారు హెడ్మాస్టరుగారు. "నేర్చుకోటం కాదండి. చెయ్యటం."

ఆ పని ఆయనకి కొత్త కాదు. వాళ్ళ నాన్నగారు ఏలూరులో మంచాలు చేసేవారు. ఈయన కుర్రతనంలో మండవల్లి నుంచి ఎవరో వచ్చి, చర్చిలో పాటలకి గిటారు చేసిపెట్టమన్నారట. తండ్రీకొడుకులు పనసచెక్క తెచ్చి, నాలుగు కాలాలు మన్నాలని దిట్టంగా చేశారు. మనిషెక్కి కూర్చున్నా చెక్కుచెదరదు. తీగ మీటితే మాత్రం తలుపు కొట్టినట్టే ఉంది! "గిటారు చెయ్యమంటే మంచం చేశామండీ" అని ఆయన పడీపడీ నవ్వేవారు. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది, చెక్క నునుపు చేసే చిత్రిక అటకెక్కింది. అది ఎందుకు పలకలేదన్న ప్రశ్న మాత్రం సర్వీసంతా ఆయన వెంటే ఉంది.

రిటైరయ్యాక అటక మీంచి చిత్రిక దిగింది. కొల్లేటి గాలికి చెక్క చెమ్మెక్కుతుందని పలకల్ని వంటింట్లో పొయ్యి పైన వేలాడదీశారు. "నా వంటిల్లు కర్రల అడితీ అయిపోయిందండీ, గిటారు చేస్తే ఇంగువ వాసనొస్తుంది చూడండి" అని వాళ్ళావిడ, నేను వదినగారూ అని పిలిచే ఆవిడ, మొత్తుకునేవారు. పనిలో పడితే ఆయనకి లోకం వినపడదు. "ఏవండీ, కాఫీ! ఏవండీ!" అని ఆవిడ గొంతు పోయేలా పిలిచినా ఉలుకూ పలుకూ ఉండదు. "గిటారు పలకాలంటారు, తమరు మాత్రం పిలిస్తే పలకరు" అని సాధించేవారు.

ఆయనకి దేన్నయినా తట్టి చూసే పిచ్చి. అత్తిలిలో పెళ్ళికెళ్తే, పెళ్ళివారి వీధి తలుపు తట్టి, చెవి ఆనించి వింటున్నారు. లోపల్నుంచి పెళ్ళికూతురి మేనమామ తలుపు తీసి బిత్తరపోయాడు. నాకు నవ్వాగలేదు. మా ఇంటికొస్తే బీరువా, బల్ల, చివరికి చపాతీ పీట కూడా తట్టేవారు. ఎందుకండీ అంటే, "తెలీదు, చూద్దాం" అనేవారు. క్లాసులో పిల్లలకీ అదే జవాబు. మాస్టారికి తెలీకపోవటమేమిటని తల్లిదండ్రులు గొణిగినా, పిల్లలు మాత్రం ఆయన క్లాసు మానేవారు కాదు.

ఈసారి మొదట చేసిన గిటారు మందమైంది. తర్వాతది మరీ పల్చనై, వానలకి అప్పడంలా పొంగింది. ఈ మధ్య చేసింది మీటితే శుభ్రంగా వినిపించింది, నాకు చాలా బాగుంది. ఆయనే పెదవి విరిచారు.

"మోగుతోందండి. పలకటం లేదు."

"రెండూ ఒకటి కాదా?"

"తెలుగు టీచరు మీరు, మీరే చెప్పాలి."

నాకూ పట్టుదల వచ్చింది. ఆలోచించి అన్నాను: "కొడితే గిన్నె కూడా మోగుతుందండి. పలకటమంటే పిలిస్తే బదులివ్వటం. కొట్టకుండా, పిలిస్తే."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే దాన్ని పిలవాలన్నమాట!" అంటూ అప్పటికప్పుడు తీగలు విప్పి, పై పలకని మళ్ళీ చిత్రిక పట్టటం మొదలుపెట్టారు. నేను చూసిన ఆఖరి పని అదే. ఆయన పోయే ముందురోజు సాయంత్రమే మళ్ళీ తీగలు బిగించి, "రేపు పిలిచి చూద్దాం" అని గోడకి తగిలించారట.

దినవారాలయ్యాక వదినగారిని చూడ్డానికెళ్ళాను. ఆయన గదిలో, గిటారు ఎదురుగా కూర్చున్నాను. పలుకుతుందో లేదో తెలుసుకోకుండానే వెళ్ళిపోయారే అనుకున్నాను. మీటి చూద్దామంటే చెయ్యి రాలేదు. ఇంతలో వదినగారు కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి, అలవాటుకొద్దీ, "ఏవండీ!" అని గట్టిగా పిలిచేశారు. పిలిచి, నాలిక్కరుచుకుని, కొయ్యబారిపోయారు.

ఆ నిశ్శబ్దంలో గోడ మీద తీగలు సన్నగా, తుమ్మెదలా, మ్‌మ్‌మ్ అన్నాయి.

ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. ఫ్యాను గాలేమో, నా భ్రమేమో. లేచి ఫ్యాను ఆపేశాను.

"వదినగారూ, మళ్ళీ ఒక్కసారి పిలవండి" అన్నాను.

ఆవిడ గ్లాసు కిందపెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడకేసి తిరిగి, గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ..."

పలికింది.