ఇస్త్రీగది కిటికీ

మా ఊళ్ళో కోటని ఏడాదికి ఒక్క ఆదివారం అందరికీ ఉచితంగా తెరుస్తారు. అది సెప్టెంబరులో వస్తుంది. ద్రాక్ష కోతలూ సెప్టెంబరులోనే. ఇంకేముంది, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కోటంతా చూసి ముక్కున వేలేసుకుంటుంటే, దాని నీడలో పుట్టి పెరిగిన మేం తోటలో నడుములు వంచి గుత్తులు కోస్తుండేవాళ్ళం. ఈ ఏడు ఎండలు మండిపోయి కాయ ముందే పండింది. చివరి బండికి పూలు కట్టి, హారన్ మోగిస్తూ ఊరంతా తిప్పి, కోతల విందు తిన్న వారంలోనే ఆ ఆదివారం వచ్చింది.

మా ఒదిల్‌కి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

ఒదిల్‌ది మా పక్కిల్లే. వయసు డెబ్భైకి దగ్గర పడింది. చిన్నప్పుడు పట్టిన ద్రాక్షకోత కత్తెర ఇంకా కింద పెట్టలేదు. కోతల్లో వెనకబడినవాళ్ళని తిట్టిపోస్తూనే వాళ్ళ బుట్ట సగం తనే నింపుతుంది. మామూలు రోజుల్లో టిక్కెట్టు కొని కోట చూసి రావచ్చు కదా అంటే మండిపడేది. వాళ్ళమ్మ పనిచేసిన గదికి తను టిక్కెట్టు కొనుక్కుని పోవాలా అని.

వాళ్ళమ్మ లియోంతిన్, కోట బురుజు మీది గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. తండ్రి లేడు. పగలంతా ఇంట్లో ఒదిల్, దానికన్నా ఆరేళ్ళు పెద్దయిన అన్న ఫెర్నాన్ ఉండేవాళ్ళు. సాయంత్రం కోటకి వెళ్ళి పాలు తేవడం ఫెర్నాన్ పని. తను పనిలో ఉన్నా బురుజు కిటికీలోంచి మన గుమ్మం కనిపిస్తుందని లియోంతిన్ కూతురికి చెప్పింది. చర్చి గంట నాలుగు కొట్టగానే ఒదిల్ గుమ్మంలో నిలబడి, అక్కణ్ణుంచి కనిపించే బురుజు కొనకేసి చెయ్యూపేది. రాత్రి అమ్మ వచ్చి అడిగేది: "ఇవాళ ఎడమ చేత్తో ఊపావేమే? కుడిచేతిలో జామ్ రొట్టె ఉందా?"

నిజంగానే ఉండేది.

ఒదిల్‌కి పన్నెండేళ్ళప్పుడు లియోంతిన్ పోయింది. ఆ చూపు మాత్రం తన మీదే ఉందని ఒదిల్ నమ్మకం. తోటలో కొమ్మలు కత్తిరిస్తూ మాటిమాటికీ ఆ కిటికీకేసి చూసేది. అమ్మ చూస్తుండగా పని ఎగ్గొట్టకూడదని మాకు నీతులు చెప్పేది. ఒక్కసారి అక్కడ నిలబడి, అమ్మ చూసినట్టే తన గుమ్మం తను చూసుకోవాలి. అంతే దాని కోరిక.

ఆ మాటెత్తితే చాలు, ఫెర్నాన్ ఏదో ఒక వంక చెప్పేవాడు. మెట్లు ఇరుకనేవాడు, పాత గోడలు తప్ప అక్కడేముందనేవాడు. ఈసారి ఒదిల్ వదల్లేదు. చేతులకంటిన ద్రాక్ష నల్లరంగు నిమ్మచెక్కతో తోమి కడుక్కుని, జుట్టు వంకీలు తిప్పించుకుని, అన్నని కూడా లాక్కొచ్చింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుందని నేను నవ్వాను.

లోపల గైడు పిల్ల గోడమీది పటాలు చూపిస్తూ దొరల వంశమంతా చెప్పుకొచ్చింది. నాకు సగం చెవికెక్కలేదు. అద్దాల గదిలో ఎటు తిరిగినా మా మొహాలే కనబడుతుంటే పకపకా నవ్వేశాను. నేలమాళిగలో పీపాల దగ్గర అందరూ నోరు తెరిచి నిలబడితే ఒదిల్ ఆగనైనా లేదు. ప్రతి గదిలోనూ బురుజెప్పుడని అడిగి అడిగి ఆ పిల్ల ప్రాణం తీసింది. చివరికి ఆ పిల్ల నవ్వి, మమ్మల్నే ముందు పైకి తీసుకెళ్ళింది.

ఫెర్నాన్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. మోకాలు నొప్పట. మొన్నటిదాకా ట్రాక్టరు మీంచి దూకిన మోకాలే అది. కోట పెరట్లో కూర్చుంటానని వెళ్ళిపోయాడు.

పైన గుండ్రటి గది. పొడుగు బల్ల, దానిమీద ఇనప ఇస్త్రీపెట్టెలు. ఒదిల్ పరుగున పోయి కిటికీ రెక్క తోసింది. తోటలు కనిపించాయి, చర్చి కనిపించింది, దూరాన జిరోంద్ నది కనిపించింది. మా ఇళ్ళు ఉండాల్సిన చోట వైన్ కొట్టం పైకప్పు అడ్డంగా ఉంది. వంగి చూశాం, మునివేళ్ళ మీద లేచి చూశాం. పైకప్పే.

ఆ కొట్టం ఈమధ్య కట్టిందై ఉంటుందన్నాను. గైడు పిల్ల పాపం నిజమే చెప్పింది, అది కట్టి నూటయాభై ఏళ్ళు దాటిందట.

"మరి జామ్ రొట్టె సంగతి అమ్మకెవరు చెప్పారే?" అంది ఒదిల్. ఎవరిమీదైనా గయ్యిమనే గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. నాకు ఏడుపొచ్చింది.

మొహం తిప్పుకుని కిందికి చూశాను. కిటికీకి సరిగ్గా కిందనే పెరడు. వంటింటి మెట్టు మీద ఫెర్నాన్ టోపీ తీసి నలుపుతూ, తలెత్తి మాకేసే చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మొహం. చిన్నప్పుడు నాలుగు కొట్టి ఒదిల్ చెయ్యూపడం ఆలస్యం, వాడు పాలగిన్నె పట్టుకుని కోటకేసి పరుగెత్తడం నా కళ్ళముందు మెదిలింది. ఒదిల్ కూడా వాణ్ణే చూస్తోంది. చాలాసేపు చూసింది. దాని మొహం మెల్లగా విచ్చుకుంది.

కుడిచేత్తో కిటికీ చట్రం గట్టిగా పట్టుకుని, బయటికి వంగి, ఎడమ చెయ్యి ఊపింది.

ఫెర్నాన్ చటుక్కున లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పైకి కేకేశాడు.

"ఎడమ చేత్తో ఊపుతున్నావేమే? కుడిచేతిలో జామ్ రొట్టె ఉందా?"